కుడిచేతి వైపు సముద్రం

విశాఖపట్నంలో పెరిగినవాళ్ళకి సముద్రం ఏ వైపు ఉందో ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దెక్కాక ఏ సందులో నిలబడ్డా గాలే వచ్చి చెబుతుంది. నేనూ ఆ గాలిలోనే పెరిగాను. అయినా మా ఊరికి ఉత్తరాన, ఇచ్ఛాపురం దాకా సాగిన తీరం ఎలా ఉంటుందో చాలా ఏళ్ళు నాకు తెలియదు. రైల్లో ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. కానీ రైలుపట్టాలూ, పెద్ద రోడ్డూ రెండూ తీరానికి ఎడంగా, లోపలినుంచి పోతాయి. కిటికీలోంచి చూస్తే తాటిచెట్లూ, జీడితోటలూ, దూరాన తూర్పు కనుమలూ కనిపిస్తాయి. సముద్రం మాత్రం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకే కనిపిస్తుంది.

మార్చి రెండో వారంలో ఒక శని, ఆదివారాలు ఆ వెతుకులాటకి దొరికాయి. మా అక్క హైదరాబాదు నుంచి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి పాదాల మీద ఎండ పడే వేళకి అక్కడుండాలని అక్క కోరిక. మేనల్లుడికి కారు నడపడమంటే ప్రాణం. వాడు ఫోనులో పటం తెరిచి, "మావయ్యా, సముద్రం పక్కనే రోడ్డు పట్టుకుని బారువ దాకా వెళ్ళిపోదాం" అన్నాడు.

అలా కుదరదురా అన్నాను. గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ. ఇన్ని ఏర్లు కొండల్లోంచి దిగి సముద్రంలో కలిసేది ఈ తీరంలోనే. ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటాం. మొగ దగ్గర నేల నిలకడగా ఉండదు. ఒక ఏడు ఇక్కడ తెరుచుకుంటే ఇంకో ఏడు అక్కడ. వంతెన కావాలంటే లోపలికి వెళ్ళాలి, ఏరు దాటాలి, మళ్ళీ సముద్రం దగ్గరికి రావాలి. ఆ మాటకి వాడి మొహం చిన్నబోయింది. "అయితే సగం ప్రయాణం చుట్టుతిరుగుళ్ళేనన్నమాట" అన్నాడు. ఆ రెండు రోజుల్లో మాకు దక్కినవాటిలో సగం ఆ చుట్టుతిరుగుళ్ళలోనే దక్కాయి. ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్నదీ వాటి గురించే.

శనివారం తెల్లారగట్ల బయలుదేరాం. ఆర్‌కే బీచిలో కురుసుర జలాంతర్గామి పక్కనుంచి వెళ్తుంటే అప్పుడే సూర్యుడు నీళ్ళమీదికి వస్తున్నాడు. కైలాసగిరి కింద మలుపు తిరిగాక ఊరి చప్పుడు వెనకబడింది. అక్కడినుంచి భీమిలి దాకా కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. కొండలు సముద్రానికి ఇంత దగ్గరగా నిలబడిన తీరం మన రాష్ట్రంలో మరెక్కడా నాకు తెలియదు. వచ్చేవాళ్ళందరూ కుడివైపే చూస్తారు. ఎడమవైపు కూడా చూడమని నా మనవి.

ఎడమవైపు తొట్లకొండ ఉంది. 1976లో నౌకాదళం వాళ్ళు తమ స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీది బౌద్ధారామం బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ. పక్కనే బావులున్నది బావికొండ. రెండు వేల ఏళ్ళ కిందటి భిక్షువులు ఉప్పునీటి ఎదురుగా కూర్చుని, వాన నీటిని రాతి తొట్లలో దాచుకుని తాగారు. అక్క ఒక తొట్టి అంచున కూర్చుని లోపలికి చాలాసేపు చూసింది. "మనింటి మీద సింటెక్సు ట్యాంకు పెట్టినట్టే కదురా" అంది. నిజమే. నీళ్ళు దాచుకోవడం తెలిసినవాళ్ళే ఈ కొండల మీద కాపురం ఉండగలిగారు.

కొండ దిగి కిందికి వస్తే మంగమారిపేట. మేం వెళ్ళేసరికి ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. అలివి వల అంటారు దాన్ని. తెల్లవారుజామున పడవలో తీసుకువెళ్ళి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేసి వస్తారు. తాళ్ళ రెండు కొసలూ ఒడ్డునే ఉంటాయి. ఒక్కొక్క తాడు దగ్గర పదిహేను ఇరవై మంది. నడుముకి పట్టీ కట్టుకుని, దాన్ని తాడుకి తగిలించి, వెనక్కి నడుస్తూ లాగుతారు. వెనక చివరికి చేరినవాడు పట్టీ విప్పుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికి వెళ్ళి తాడు అందుకుంటాడు. ఆ వరస ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ముసలివాళ్ళున్నారు, పదహారేళ్ళ కుర్రాళ్ళున్నారు, చీర కుచ్చిళ్ళు దోపుకున్న ఆడవాళ్ళున్నారు. మా మేనల్లుడు చెప్పులు విప్పి తాడు పట్టుకున్నాడు. ఎవరూ వద్దనలేదు, నవ్వి చోటిచ్చారు. పది నిమిషాలకి వాడి అరచేతులు ఎర్రబడ్డాయి. వల రావడానికి ఇంకో గంట పట్టింది.

వల ఒడ్డుకి వచ్చాక లోపల ఉన్నది చూస్తే నా మనసు చిన్నబోయింది. నాలుగైదు బుట్టల నెత్తళ్ళు, కొన్ని కవళ్ళు, పది పదిహేను కానాగడతలు. నలభై మంది మూడు గంటల కష్టానికి అది. వలవాడి వాటా, పడవ వాటా పోగా మిగిలింది లాగినవాళ్ళకి. ఒకావిడ రెండు గుప్పిళ్ళ నెత్తళ్ళు తెచ్చి మావాడి చేతిలో పెట్టబోయింది. "తాడు పట్టావు కదా బాబూ, నీ వాటా" అంది. వాడికి ఏం చెయ్యాలో తోచలేదు. అక్కే ఆమె చేతులు పట్టుకుని, "మా వాటా మీ పిల్లలకి వండిపెట్టు తల్లీ" అంది.

చెమట పట్టిందని వాడు ఈతకి దిగబోయాడు. నీరు నిమ్మళంగా, నల్లగా ఉన్నచోట అయితే అలలు తక్కువ కదా అనుకున్నాడు. తాడు చుట్టుకుంటున్న ఒక పెద్దాయన అక్కడినుంచే కేకేశాడు.

"అక్కడ దిగొద్దు నాయినా! నల్లగా అవుపిస్తోందే, అల ఇరగట్లేదే, అదే సెడ్డ సోటు. ఒడ్డుకొచ్చిన నీరంతా ఆ దారినే లోపలికి ఎల్తాది. మడిసిని కూడా అట్టుకెల్లిపోతాది."

"పొరపాటున పడితే ఏం చెయ్యాలి తాతా?" అని అడిగాడు మావాడు.

"ఎదురీదకు. ఎదురీదితే సత్తువ పోతాది, నీరు పోదు. ఒడ్డు ఎంబడే పక్కకి ఈదు. ఆ లాగుడు సన్నంది, దాటితే ఒదిలేస్తాది. అప్పుడు ఒడ్డుకి రా."

శ్రోతల్లో సముద్రానికి వెళ్ళే పిల్లలున్నవాళ్ళు ఈ నాలుగు ముక్కలూ గుర్తుపెట్టుకోండి. మా ఊరి ఒడ్డున ప్రతి ఏడూ ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటనే. అలలు విరిగే చోటు చూస్తే భయం వేస్తుంది, విరగని చోటు చూస్తే ధైర్యం వస్తుంది. ప్రమాదమేమో ఆ రెండోచోట ఉంటుంది.

ఆ పెద్దాయన కొడుకు మరబోటు మీద వెళ్తాడట. చేపల గుంపు ఎక్కడ ఉండొచ్చో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో ఫోనుకి కబురు వస్తుందని చెప్పాడు. "హైదరాబాదు నుంచి వస్తాది" అన్నాడు. మావాడు నమ్మలేదు. సముద్రమే లేని హైదరాబాదు నుంచా? అవును. సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్ అంటారు, 1999లో పెట్టారు. నీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ ఉపగ్రహాలు చూసి చెబితే, చేపలకి మేత ఎక్కడ దొరుకుతుందో అక్కడ లెక్కగడతారు. సునామీ హెచ్చరికలు వచ్చేదీ అక్కడినుంచే. అది ప్రగతినగర్ దగ్గర ఉంది. మావాడి ఇల్లు అక్కడికి రెండు మైళ్ళు. రోజూ ఆ గేటు ముందునుంచి ఆఫీసుకి వెళ్తాడు. ఈ ఒడ్డున తాడు చుట్టుకునే మనిషి చెబితేగానీ ఆ గోడల వెనక ఏం జరుగుతోందో వాడికి తెలియలేదు.

నా చిన్నతనంలో ఆ కబురు రేడియోలోనే వచ్చేది. ఒకటో నంబరు హెచ్చరిక, మూడో నంబరు హెచ్చరిక, వేటకి వెళ్ళొద్దని జాలర్లకి సూచన. జాలరిపేటలో టీకొట్టు ముందు ఆ వార్తల వేళకి జనం మాటలు ఆపి నిలబడేవాళ్ళు. ఇదే రేడియోలో ఇవాళ నేను మాట్లాడుతుంటే ఆ నిలబడ్డవాళ్ళే గుర్తొస్తున్నారు.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. పేరు మట్టి అయినా అది ఇసక. మంచుయుగంలో సముద్రం చాలా దూరం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఆ రేణువుల్లోని ఇనుము వేల ఏళ్ళు తుప్పుపట్టి ఎరుపెక్కింది. వానలు దాన్ని కోసి, కోసి, గోడల్లాంటి గట్లూ, సందుల్లాంటి వాగులూ చేశాయి. ఇంతకీ ఆ ఇసక ఎక్కడిది? కొండలది. తూర్పు కనుమల రాయిని ఏర్లు అరగదీసి సముద్రంలో పోస్తే, సముద్రం ఒడ్డుకి వేస్తే, గాలి లోపలికి తెచ్చింది. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అయినా మేం వెళ్ళిన రోజున గట్టు పైదాకా బండ్ల చక్రాల గుర్తులున్నాయి. ఇసక దిబ్బ రాతికోట కాదు. ఎక్కిన ప్రతి చక్రం కిందా కొంత జారిపోతుంది, జారింది మళ్ళీ రాదు. దయచేసి కింద నిలబడి చూడండి.

భీమిలి ఒడ్డున మేనల్లుడు ఒక పని చేశాడు. కారులో ఫోను నిలబెట్టే అయస్కాంతాన్ని పీకి తెచ్చి ఇసకలో తిప్పాడు. పైకి తీస్తే గడ్డంలా నల్లటి రేణువులు వేలాడుతున్నాయి. అక్క కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూసింది. అరచేతిలో మిగిలిన ఇసకలో ఎర్రగా, గులాబిరంగులో మెరిసేవి వేరే ఉన్నాయి. అవి గార్నెట్లు, మన కొండరాయిలో ఉండేవే. తిరగలిలో పప్పులా కొండ నలిగి, ఏటి వెంట కొట్టుకొచ్చి, ఇదిగో అక్క అరచేతిలో ఉంది.

ఊరు కూడా తీరిగ్గా చూడాల్సిందే. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వర్తకం చేశారు. వాళ్ళ సమాధుల మీది రాతలు ఇంకా చదవొచ్చు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, 1861లో పురపాలక సంఘం వచ్చింది. ఇవన్నీ ఎందుకు ఇక్కడే జరిగాయంటే గోస్తని ఇక్కడ సముద్రంలో కలుస్తుంది కాబట్టి. బొర్రా గుహల దగ్గర పుట్టిన ఏరది. మొగ ఉంటే రేవు, రేవు ఉంటే ఊరు.

అక్కడే మా మొదటి చుట్టుతిరుగుడు. గోస్తని దాటడానికి లోపలికి, తగరపువలస దాకా వెళ్ళాం. దాటి, విమానాశ్రయంతో ఈమధ్య అందరి నోటా నానుతున్న భోగాపురం మీదుగా, కోనాడ దగ్గర మళ్ళీ సముద్రం పట్టుకున్నాం. అక్కడ చంపావతి కలుస్తుంది. ఎండలకి ఏరు సన్నగిల్లి, మొగ దగ్గర ఇసక మేట వేసి ఉంది. ఇటు నీళ్ళు పచ్చగా కదలకుండా, అటు సముద్రం తెల్లగా విరుగుతూ. మధ్యలో ఇసక గట్టు మీద కొంగలు. టిఫిను డబ్బాల్లో పులిహోర తెచ్చుకున్నాం, అక్కడే తిన్నాం. ఎవరూ మాట్లాడలేదు.

చంపావతి మమ్మల్ని ఇంకా లోపలికి పంపించింది. ఎలాగూ లోపలికి వచ్చాం కదా అని రణస్థలం మీదుగా పొందూరు వెళ్ళాం. తీరం ప్రయాణంలో పొందూరు ఏమిటని అడగొచ్చు. అక్కడి ఖద్దరుకి చేపకీ సంబంధం ఉంది మరి. ఒక ఇంట్లో పెద్దావిడ పత్తిని ఏకుతూ కూర్చుని ఉంది. చేతిలో వాలుగ చేప దవడ. చిన్న పుల్లకి కట్టిన ఆ దవడ ఎముక మీద పళ్ళు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉన్నాయంటే వేలు ఆనిస్తే గరుకు తెలుస్తుంది గానీ పళ్ళు కనబడవు. దాంతో గింజని పట్టుకుని ఉన్న పత్తిని దువ్వుతుంది. పోగులన్నీ ఒక వైపు వరసగా పడతాయి, నలుసులు ఊడిపోతాయి. అలా దువ్విన పత్తి నుంచి వంద కౌంటు నూలు చేత్తో వడుకుతారు. గాంధీగారు మెచ్చుకున్న బట్ట అది. ఇనుప దువ్వెనతో అయితే పోగు తెగుతుందట, దవడతో అయితే తెగదట. ఆవిడ చెబుతూ చెబుతూ ఒక ఏకుని అక్క అరచేతిలో పెట్టింది. బరువే లేదు. అక్క గాలికి ఎగిరిపోతుందేమోనని గుప్పిట మూసింది. పొద్దున్న అదే అరచేతిలో కొండ రేణువులున్నాయి.

రాత్రి శ్రీకాకుళంలో పడుకుని ఆదివారం తెల్లవారకుండానే అరసవల్లి చేరుకున్నాం. కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పుకునే గుడి. ఏడాదిలో రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ, ఉదయపు ఎండ గోపురంలోంచి దూరి మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది. రెండుసార్లే ఎందుకు, ఆ రోజుల్లోనే ఎందుకు? పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మార్చి 20 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు 23 ప్రాంతంలో ఒకటి. మొదటిదానికి పదిరోజులు ముందూ, రెండోదానికి పదిరోజులు తర్వాతా సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా ఒకే చోట ఉదయిస్తాడు. ఆ చోటుకి గురిపెట్టి ద్వారం నిలబెట్టారు. ఆ పని చేసిన స్థపతి ఎన్ని ఏళ్ళు పొద్దుటే లేచి ఆకాశం అంచుని చూశాడో!

మేం వరసలో ఉండగానే మబ్బు కమ్మింది. జనం గుండెలు బరువెక్కాయి. ఒక ముసలమ్మ, "రాయ్యా, రా" అని పిల్లవాణ్ణి పిలిచినట్టు పిలుస్తోంది. మబ్బు కాస్త పక్కకి తప్పుకుంది. నాకు కనబడింది చాలా తక్కువ. ముందున్న తలల మధ్య, నల్లరాతి మీద, అరచేయంత బంగారపు రంగు. అక్కకి అదీ కనబడలేదు, పొట్టిది. కానీ అందరూ ఒక్కసారి "ఓం" అనగానే కళ్ళు మూసుకుని దండం పెట్టింది. బయటికి వచ్చాక, "నువ్వు చూశావుగా, చాలు" అంది.

శ్రీకూర్మం దగ్గరే. కూర్మావతారానికి గుడి, రెండు ధ్వజస్తంభాలు, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు. అక్కడినుంచి కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు దీపస్తంభం, పాత గోదాముల గోడలు, మదీనా బాబా దర్గా, ఖాళీ ఒడ్డు. ఎండ అప్పటికి బాగా ఎక్కింది. ముంజలు అమ్మే కుర్రాడి దగ్గర తలా నాలుగు తిన్నాం. మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే, "వీరావల్ ఎల్లాడు" అన్నాడు.

ఆ మాట ఈ తీరంలో ఏ పల్లెకి వెళ్ళినా వినిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాకి రాష్ట్రంలోనే అన్నిటికంటే పొడవైన తీరముంది. కానీ పెద్ద బోటు నిలబెట్టుకునే చేపల రేవు లేదు. ఒడ్డునే విరిగే అలని దాటుకుని చిన్న తెప్పలే వెళ్ళగలవు. అందుకని సముద్రపు పనిలో ఇంత ఆరితేరినవాళ్ళు దేశానికి ఆ కొసన, గుజరాత్‌లో ఉన్న వీరావల్ వెళ్ళి పరాయి బోట్ల మీద కూలికి చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లు హద్దు దాటారని పాకిస్తాను వాళ్ళు పట్టుకున్నారు. 2020 జనవరిలో గానీ వాళ్ళలో ఇరవై మంది వాఘా దాటి ఇంటిమొహం చూడలేదు. ఆ పద్నాలుగు నెలలూ ఈ పల్లెల్లో ఆడవాళ్ళు ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. దాని మీద సినిమా వచ్చింది కాబట్టి కథ అందరికీ తెలిసింది. రేవు కోసం ఎదురుచూపు అలాగే ఉంది. కుర్రాడు ముంజ తొక్క తీస్తూ, "వేట బందు పెట్టినప్పుడు వస్తాడు" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తీరంలో 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. గుజరాత్ వెళ్ళినవాళ్ళూ ఇంచుమించు ఆ ఎండల్లోనే ఇళ్ళకి చేరుకుంటారు. వాడి లెక్కలో వేసవి అంటే నాన్న ఇంట్లో ఉండే కాలం.

వంశధార కూడా మమ్మల్ని లోపలికే నడిపించింది. ఒడ్డు వెంట కొద్ది దూరం వెళ్తే శాలిహుండం. కొండెక్కితే కింద ఏరు వెడల్పుగా వంపు తిరిగి సముద్రం వైపు పోతూ కనబడుతుంది. ఇటుకల స్తూపాలు, చైత్యాలు, తార, మారీచి విగ్రహాలు. ఇదొక బౌద్ధ క్షేత్రమని 1919లో మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన ఈ వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ముఖలింగం గుడి శాసనాలని ఎవరూ నేర్పకుండా తనంతట తను చదవడం నేర్చుకున్నారు. సవర భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. మనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ, బడిలోనూ ఉండాలని జీవితమంతా పోరాడారు.

ఆ కొండ మీద నిలబడి నేను ఒక్కటే అనుకున్నాను. ఆయన గెలవకపోయి ఉంటే ఈ ప్రసంగం నేను గ్రాంథికంలో చదవాల్సి వచ్చేది. మంగమారిపేట పెద్దాయన మాట, "అట్టుకెల్లిపోతాది" అన్న మాట, మీ చెవిన పడేదే కాదు. పెద్ద రోడ్డునే పట్టుకుని పోయి ఉంటే మాకు శాలిహుండమూ దక్కేది కాదు, ఈ తలపూ దక్కేది కాదు. మేనల్లుడు స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చి, "మావయ్యా, తరవాతి ఏరు ఏది?" అని అడిగాడు. నిన్నటి చిన్నబోయిన మొహం కాదది.

మడపం దగ్గర వంశధార దాటి టెక్కలి వైపు వెళ్ళాం. నౌపడా ఉప్పుమడుల్లో ఎండ కళ్ళు మిరుమిట్లు గొలిపింది. తేలినీలాపురంలో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. సెప్టెంబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి. చాలామట్టుకు వెళ్ళిపోయే రోజులవి, అయినా ఇంటి పెరట్లో చింతచెట్టు మీద పెద్ద పక్షి పిల్లకి మేత పెడుతూ కనిపించింది. కింద ఆ ఇంటివాళ్ళు వడియాలు ఆరబెట్టుకుంటున్నారు. రెట్టలు పడవా అని అక్క అడిగితే, "పడతాయమ్మా. అవి రాని ఏడు వానలుండవు, మరేటి సేస్తాం" అంది ఇంటావిడ, చాప పక్కకి జరుపుకుంటూ.

అక్కడినుంచి ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఒక్క రాత్రిలో ఈ కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. ఆ తర్వాత నాటిన మొక్కలు మేం వెళ్ళేసరికి మనిషెత్తు దాటి, కొన్ని కాపుకొచ్చాయి. పాత చెట్ల మొండేలు మధ్యమధ్య ఇంకా నిలబడి ఉన్నాయి. ఇంత పచ్చటి నేలని కిడ్నీ జబ్బు పీడిస్తోంది. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు, అనుమానం తాగే నీటి మీద కూడా ఉంది. దారిలో ఒక ఇంటి ముందు నీళ్ళడిగితే, కుళాయి నీళ్ళేనమ్మా, పైనుంచి వచ్చినవే, తాగండి అని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చారు. అతిథికి గ్లాసెడు నీళ్ళివ్వడానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఊరు వాళ్ళది. ఆ నీళ్ళు అక్క చివరి చుక్క దాకా తాగింది.

బారువ చేరేసరికి పొద్దు వాలుతోంది. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒడ్డున తడికల దడి కట్టి, ఇసకలో గుంటలు తీసి, సముద్రపు తాబేళ్ళ గుడ్లు దాచారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు శీతకాలపు రాత్రుల్లో వచ్చి ఒక్కొక్కటి నూరు గుడ్ల దాకా పెట్టి వెళ్ళిపోతాయి. తల్లి మళ్ళీ చూడదు. కుక్కలూ నక్కలూ తవ్వకుండా కాపలావాళ్ళు ఏరి తెచ్చి ఇక్కడ పూడుస్తారు. పొదిగేది సూర్యుడే. నెలన్నర, రెండు నెలలు ఆ ఎండకి ఇసక వెచ్చబడితే పిల్లలవుతాయి. ఇసక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. అరసవల్లిలో ఎండ కోసం అంతసేపు నిలబడ్డ అక్కకి ఈ మాట చాలా నచ్చింది. కాపలా కుర్రాడి చేత మళ్ళీ చెప్పించుకుంది.

ఆ సాయంత్రం ఒక గుంట కదిలింది. ముందు ఇసక కుంగింది, తర్వాత ఒక ముక్కు, ఒక చెయ్యి, ఒక్కసారిగా పొంగినట్టు పిల్లలన్నీ బయటికి. అగ్గిపెట్టెకంటే చిన్నవి, బూడిదరంగువి. బుట్టలోకెత్తి, నీటికి ఇరవై అడుగుల దూరంలో వదిలారు. నడిచి వెళ్ళాలి, చేత్తో నీళ్ళలో వెయ్యకూడదట. వెలుతురు ఎటుంటే అటు వెళ్తాయి. చీకటిపడ్డాక సముద్రమే ఒడ్డుకంటే కాస్త తెల్లగా ఉంటుంది, అదే వాటికి దారి.

పిల్లలు చాలావరకు నీటివైపు వెళ్ళాయి. పది పన్నెండు మాత్రం గిర్రున తిరిగి మావైపు రాసాగాయి. కాపలా కుర్రాడు కంగారుగా, "ఎవరిదయ్యా ఆ లైటు?" అన్నాడు. గట్టు మీద మా కారు. దిగే తొందరలో మేనల్లుడు దీపాలు ఆర్పకుండా వదిలేశాడు. వాడు ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. దీపాలు ఆరిపోయాయి. అంతా చీకటి. కాసేపు ఏమీ కనబడలేదు. కళ్ళు అలవాటుపడ్డాక చూస్తే ఆ పది పన్నెండూ ఆగి, తల ఎత్తి, మెల్లగా సముద్రం వైపు తిరుగుతున్నాయి. అక్క ఒక్కొక్కటే వేలు చూపించి లెక్కపెడుతోంది. అన్నిటికంటే వెనకబడ్డది అక్క పాదం గుర్తులో పడింది. ఆ గుంట దానికి బావి. రెండుసార్లు ఎక్కి జారింది. అక్క చెయ్యి చాచి, చాచిన చేతిని తనే వెనక్కి తీసుకుంది. మూడోసారి అది గట్టెక్కింది. అల వచ్చింది, వెళ్ళింది. ఇసక మీద ఏమీ లేదు.